చిలకపచ్చ గేటు

డ్రాయింగు మాస్టారికి గీత వంకరపోతే ప్రాణం పోయినంత పని. అందుకే పాత వీధి అంటే ఆయనకి మొదట్నుంచీ చిన్నచూపు. అక్కడ గోడలు వంకర, మెట్లు వంకర, కింది వాటాలో దర్జీ మూతి మరీ వంకర. ఇల్లాలు కళ్లొత్తుకుంటున్నా వినకుండా, నూరేళ్ల కిందట ఎవరో మహానుభావుడు కాగితం మీద గీసి మరీ కట్టించిన పేటకి సంసారాన్ని ఎత్తుకొచ్చేశాడు.

పేట నిజంగానే బొమ్మలా ఉంది. ఒకే ఎత్తు కప్పులు, ఒకే తీరు కమానులు, ఒకే బూడిదరంగు గేట్లు. బొమ్మలాగే మాట్లాడదు కూడా. పలకరిస్తే పక్కింటాయన తలాడించి తలుపేసుకుంటాడు. నెల తిరక్కుండానే మాస్టారికి బెంగ పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి దర్జీతో వాదన లేక నోరు దురద పెట్టేది.

కానీ వెనక్కి పోదామని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

పేటకో కమిటీ ఉంది. దాని పెద్దాయన స్కేలు పట్టుకుని కంచె మొక్కల ఎత్తు కొలుస్తూ తిరుగుతాడు కాబట్టి మాస్టారి కూతురు ఆయనకి స్కేలు తాతగారని పేరు పెట్టింది. గేటు రంగు మారిస్తే అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయిస్తారన్నది అక్కడి రూలు. అది వినగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆదివారం పొద్దున్నే వీధివైపు గేటుకి చిలకపచ్చ రంగు దట్టంగా పూశాడు.

“ఏమిటండీ ఈ వేషం? గెంటేస్తారు,” అంది ఇల్లాలు.

“గెంటేస్తే పోదాం. పాతిల్లు ఖాళీగానే ఉందట కదా. ఏం చేస్తాం, నీ కోసం సర్దుకుంటాను!”

ఇల్లాలు అదోలా చూసి లోపలికెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి స్కేలు తాతగారు ఊగిపోతూ వచ్చాడు. వెనకాల సగం పేట. మాస్టారు లోలోపల సామాను సర్దేసుకుంటూ, పైకి మాత్రం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“ఎవర్నడిగి వేశారండీ ఈ రంగు?”

“తాతగారూ, గేటు లోపలివైపు కాస్త గీకి చూడండి,” అంటూ ఇల్లాలు కూరల చాకు అందించింది.

తాతగారు గీకాడు. బూడిదరంగు కింద గోధుమరంగు, దాని కింద తెలుపు, అన్నిటికీ అడుగున చిలకపచ్చ!

“అసలు రంగు! మేమంతా మర్చిపోయిన రంగు!” తాతగారి కళ్లు చెమర్చాయి. “మీలాంటివాళ్లని ఈ పేట వదులుకోదండీ!” అంతటితో ఆగక, గేట్లన్నిటికీ మాస్టారి చేతే ఆ రంగు వేయించాలని నడివీధిలో తీర్మానించేశాడు. పేట చప్పట్లు కొట్టింది.

ఇంట్లోకి రాగానే మాస్టారు విరుచుకుపడ్డాడు.

“నీకెందుకే మధ్యలో? నిక్షేపంలా గెంటేసేవాడు!”

“గేటు తుడుస్తుంటే పెచ్చూడి ఆ పచ్చ కనబడింది. గెంటేస్తే పిల్లదాన్ని తీసుకుని ఎక్కడికి పోతామండీ?”

“పాతింటికి!”

ఇల్లాలు కూరల చాకు వంటగట్టు మీద పెట్టి వచ్చింది.

“దర్జీ అన్నయ్య ఇంటాయన్ని బతిమాలి, ఆ ఇల్లు మన కోసం అట్టే పెట్టించాడు. మాస్టారు లేకపోతే తోచడం లేదమ్మా అన్నాడు. పోయిన వారం అందులో ఎవరో కొత్త జంట చేరిందట. ఎన్నాళ్లని ఆపుతారు?”

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ వంకర మూతివాడు తన కోసం ఇంటాయన్ని బతిమాలాడన్న మాటకి గుండె కలుక్కుమంది.

“తప్పు నాదే,” అన్నాడు. “ఇక్కడ నాకు ఒక్క రోజూ బాగుండలేదు.”

“ఈ ముక్క ముందే ఏడిస్తే సరిపోయేదిగా!” ఇల్లాలు మొహం తిప్పుకుంది. “నేనైనా నోరు తెరవాల్సింది. మీకు బుద్ధొచ్చేదాకా ఆగుదామనుకున్నాను. బుద్ధీ వచ్చింది, ఇల్లూ పోయింది.”