జేబులో మోత

ఆ రోజు పొద్దున్న లిఫ్టు మెకానిక్ రెండు పనులు అనుకుని లేచాడు. డ్యూటీకి వెళ్లే దారిలో ఒక చిన్న సింథసైజర్, అదే కరెంటుతో పలికే వాయిద్యం, ఎంచుకోవాలి. పదింటికి ఎనిమిదంతస్తుల అపార్టుమెంటులో లిఫ్టు తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. అసలు పని రెండోది. ఆ లిఫ్టుకు వరుసగా రెండు తనిఖీల్లో ముద్ర పడలేదు. మూడోసారీ పడకపోతే ఇక ఇంటికేనని కంపెనీ మేనేజరు మొహం మీదే చెప్పాడు.

"ముద్ర పడ్డాకే కొనుక్కోవచ్చుగా," అంది భార్య.

"షాపతను ఇవాళే రమ్మన్నాడు. రెండే ఉన్నాయట."

"ఏదైనా సరే, జేబులో పట్టేది తెచ్చుకో. ఆ పాత కీబోర్డు భోజనాల బల్ల మీద పరిచినప్పట్నుంచీ మనం మంచం మీద తింటున్నాం."

మెకానిక్ చెప్పులేసుకున్నాడు. అతని కోపం ముక్కు మీదే ఉంటుంది. పొద్దున పూట మాత్రం కాస్త దిగి మీసం మీద కూర్చుంటుంది.

తోటి పనివాళ్లు అతన్ని పాముచెవులు అంటారు. తలుపు బయట నిలబడి, లోపల తిరిగే మోటారులో ఏ బేరింగు ఎండిపోయిందో చెప్పగలడు. ఆ పేరంటే అతనికి జీతం కన్నా ఇష్టం. సింథసైజర్లోనూ అనలాగ్‌దే కావాలని పట్టుబట్టింది ఆ చెవుల వల్లే. ఎవడో చేసి దాచిపెట్టిన శబ్దాన్ని మీట నొక్కి బయటికి రప్పించడం అతనికి ఎంగిలి తిన్నట్టుంటుంది. అనలాగ్‌దైతే లోపల పారే కరెంటే గొంతు. మరను తిప్పితే లావవుతుంది, సన్నబడుతుంది. వేడి తగిలితే శ్రుతి జారుతుంది.

షాపతను సబ్బుపెట్టెలంత ఉన్న రెండింటిని ముందు పెట్టాడు. ఒకదానికి బుల్లి మీటలున్నాయి. రెండోదానికి మీటల్లేవు, వేలు రాసే ఇనప పట్టీ, అయిదు మరలు, ఒక స్విచ్చి. ఆ స్విచ్చి వేస్తే వేలు తీసినా మోత ఆగదు.

"రెండూ తీసుకెళ్లండి. మీ గుర్తింపు కార్డు ఇక్కడుంచండి. నిమ్మళంగా విని, సాయంత్రం నచ్చనిది తిరిగివ్వండి," అన్నాడు.

రోడ్డు మీదికొచ్చి రెండూ పలికించి చూస్తుండగా బావమరిది ఫోను చేశాడు. ఎదురుగా ఎవరో యంత్రంతో బండలు కోస్తున్నారు.

"బావా, ఆ డొక్కు పెట్టెలెందుకు. ఫోన్లో యాపుంది. రెండొందల శబ్దాలు."

"నీ బుర్రలో ఎన్నున్నాయి?"

"కోప్పడకు బావా. యాపైతే ఎంత వేడెక్కినా శ్రుతి తప్పదు."

"నువ్వూ అంతే. లోపల ఏదైనా ఉంటేగా వేడెక్కేది."

ఫోను పెట్టేసినా కోపం పెట్టేయలేదు. ఆ కోపంలో మీటలున్నదాన్ని ఆపాడు. మీటల్లేనిదాన్ని కూడా ఆపాననుకున్నాడు. రెంటినీ చొక్కాకున్న రెండు జేబుల్లో చెరొకటీ కుక్కి గుండీలు పెట్టాడు. బండల యంత్రం అరుపులో, ఆ తర్వాత మోటారు సైకిలు మోతలో, ఎడమ జేబులోది సన్నగా మూలుగుతూనే ఉంది. అది మనకు తెలుసు. అతనికి తెలియదు.

అపార్టుమెంటు దగ్గర సెక్రటరీ తాళాల గుత్తితో, తనిఖీ అధికారి రిజిస్టరుతో కాచుకుని ఉన్నారు. ముగ్గురూ లిఫ్టెక్కారు. తలుపు మూసుకుంది. ఇనప గదిలో ఆ మూలుగు గంగాళంలో తుమ్మెదలా మారుమోగింది.

"ఏమిటది?" అన్నాడు అధికారి.

"నేను మొదట్నుంచీ చెబుతున్నాను సార్, వీళ్లు వింటేగా," అన్నాడు సెక్రటరీ. అతను ఏనాడూ చెప్పలేదు.

మెకానిక్ మొహం కందిపోయింది. నిన్ననే మోటారంతా తుడిచి గ్రీజు పెట్టాడు. ఏమీ లేదనేస్తే సరిపోయేది. కానీ వినపడుతున్నదాన్ని లేదనడం అతని చెవులకు చేతకాదు.

"పై మోటారు. బేరింగు పట్టేస్తోంది," అన్నాడు.

"అదే రాసి సంతకం పెట్టండి. నాలుగింటి దాకా ఉంటాను. సరిచేస్తే మళ్లీ చూస్తాను. లేదంటే సీలు," అన్నాడు అధికారి.

రాసి సంతకం పెట్టాడు. డాబా మీది గదికెళ్లి మోటారు విప్పాడు. బేరింగు అద్దంలా ఉంది. లిఫ్టుకు కరెంటు తీసేశాడు. మోత ఆగలేదు. ఎనిమిదంతస్తులూ దిగి కింది గుంటలోకి దూకాడు. మోత అక్కడా ఉంది. ఎక్కడికెళితే అక్కడ తనకన్నా ముందే వచ్చి కూర్చున్నట్టుంది. ఇది లిఫ్టుది కాదు, నీళ్ల పంపుదని పంపు ఆపించాడు.

అయిదో అంతస్తు టీచరమ్మ నెత్తిన సబ్బు నురగతో మెట్ల మీదికొచ్చింది.

"నీళ్లాపిందెవరు?"

"శబ్దం కోసమమ్మా."

"శబ్దం మీకైతే సబ్బు నా కళ్లలో ఎందుకయ్యా?" అంటూ ఆగి వింది. "అవును, మా గుమ్మంలోనే వస్తోంది."

వచ్చేదే. మెకానిక్ ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు. మూడో అంతస్తుకు వెళితే మూడో అంతస్తువాళ్లు మా దగ్గరే అన్నారు. ఏడుకెళితే ఏడువాళ్లు ఒట్టేశారు. చివరికి బిల్డింగుకంతా మెయిన్ ఆపించాడు. ఫ్యాన్లు నిలిచిపోయి, జనం విసనకర్రలకు బదులు పేపర్లు ఊపుకుంటూ మెట్ల మీద చేరారు. కోపంతో, ఉక్కతో మెకానిక్ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. లోపల వేడికి శ్రుతి జారి పైకి పాకింది.

"గొంతు పెరుగుతోంది. లోడు ఎక్కువవుతోంది," అన్నాడు.

"కరెంటే లేదు. లోడెక్కణ్ణుంచి వస్తుంది?" అంది టీచరమ్మ.

మెకానిక్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "పాఠాలు బళ్లో చెప్పుకోండి."

"బళ్లో అయితే ఈపాటికి నిన్ను గోడకు నిలబెట్టేదాన్ని."

అతను గోడకే నిలబడి ఉన్నాడు. చెవీ రొమ్మూ ఆనించి వింటున్నాడు. రొమ్ము ఆనించిన ప్రతి గోడా పలికింది. పలికినచోటల్లా సుద్దతో గీత పెట్టాడు. రెండయ్యేసరికి బిల్డింగు నిండా గీతలే. అన్నిటికన్నా గట్టిగా పలికింది మూడో అంతస్తులో సెక్రటరీ ఇంటి గోడ. ఆ టైల్సు వేసి నెల కాలేదు, వెనక డొల్లగా ఉంది.

"నా గోడ ముట్టుకుంటే ఊరుకోను," అన్నాడు సెక్రటరీ.

"లోపల పైపుంది."

"ఉంటే ఉండనీ, దానికి నేను అద్దెకిచ్చాను."

మెట్ల మీది జనం మండిపడ్డారు. "మాకు నీళ్లు పోయె, కరెంటు పోయె. మీ గోడ ఒక్కటీ చల్లగా ఉండాలా?"

మెకానిక్ సుత్తి ఎత్తాడు. నాలుగు టైల్సు రాలాయి. వెనక ఇటుకలున్నాయి. పైపు లేదు. మోత ఉంది.

సెక్రటరీ మీదికొచ్చాడు. రెండు చేతులా మెకానిక్ రొమ్ము మీది గుడ్డను పిడికిళ్లలో పట్టి గుంజాడు. జేబులో మర తిరిగి మోత ఒక్కసారి కీచుమని పైకి లేచింది. సెక్రటరీ అదిరిపడి పట్టు సడలించాడు. అది దిగింది. మళ్లీ బిగించాడు. మళ్లీ లేచింది.

మెట్ల మీద పేపర్లు ఆగిపోయాయి.

"సెక్రటరీ గారూ, కొంచెం వెనక్కి తిప్పండి," అన్నాడు అధికారి గుమ్మంలోంచి.

మెకానిక్ మెల్లగా గుండీ విప్పి పెట్టెను బయటికి తీశాడు. అప్పుడే పెట్టిన కోడిగుడ్డంత వెచ్చగా ఉంది. స్విచ్చి నొక్కాడు. ఎనిమిదంతస్తులూ చప్పబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వేంత ఓపిక ఎవరికీ మిగల్లేదు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను. కళ్లారా చూడటం ఇదే," అంది టీచరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. సబ్బు ఇంకా పోలేదు.

"సీలు వేయండి సార్. వీణ్ణి ఇంటికి పంపండి," అన్నాడు సెక్రటరీ.

అధికారి రిజిస్టరు తెరిచాడు. "మోటారు పాడైందని ఇక్కడ మీ చేత్తో రాశారు. ఇది ఉండగా నేను ముద్ర వేయలేను. కొట్టేసి, అసలు కారణం రాసి సంతకం పెట్టండి."

"బేరింగు సరిచేశానని రాస్తాను."

"సరిచేశారా?"

మెకానిక్ పళ్లు నూరాడు. రిజిస్టరు నకలు కంపెనీకి పోతుంది. అక్కడ ప్రతి పనివాడూ చదువుతాడు. రాస్తే పాముచెవులన్న పేరు పోతుంది. రాయకపోతే పనే పోతుంది. చివరికి కాగితం చిరిగేలా నొక్కి రాశాడు: శబ్దం మోటారుది కాదు. నా ఎడమ జేబుది.

కరెంటు వేయించి, మోటారు బిగించాక అధికారి ఒక్కడే లిఫ్టులో మూడుసార్లు ఎక్కి దిగాడు. బయటికొచ్చి ముద్ర కొట్టాడు.

"ఇంత చేసినవాడికి ముద్రా?" అన్నాడు సెక్రటరీ.

"లిఫ్టుకి వేశాను. నట్టు నట్టూ విప్పి చూశాడు, తప్పు దొరకలేదు. ఇక మీ సంగతి." అధికారి పేజీ తిప్పాడు. "ఆయన పుణ్యమా అని మీ పంపు గదీ, మెయిన్ బోర్డూ కూడా చూశాను. పంపుకి ఎర్తు వైరు లేదు. బోర్డుకి మూత లేదు. వారంలో పెట్టించాలి. ఇక్కడ మీరు సంతకం పెట్టండి."

మెట్ల మీది జనమంతా ఒకేసారి సెక్రటరీ వైపు తిరిగారు. పొద్దుటి నుంచి కూడబెట్టిన కోపం వాళ్ల దగ్గర ఇంకా చాలా మిగిలే ఉంది. మెకానిక్ సుత్తి సంచిలో వేసుకుని, లిఫ్టెక్కకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

షాపు మూసే వేళకు చేరాడు. మీటలున్న పెట్టెను బల్ల మీద పెట్టి, రెండోదాన్ని జేబులోనే ఉంచుకున్నాడు.

"తొందరేం లేదండీ. పూర్తిగా విన్నాకే తీసుకోండి," అన్నాడు షాపతను.

"ఎనిమిదంతస్తుల్లో విన్నాను," అన్నాడు మెకానిక్.