నలుపు, ఉపవిభాగాలతో సహా

హైదరాబాద్ పాతనగరంలో ఉద్యోగాల విషయంలో వివక్ష పూర్తిగా అంతరించిపోయిందని ఇందుమూలంగా ప్రకటించడమైనది. ఇప్పుడున్నది వర్గీకరణ మాత్రమే. (రెండింటికీ తేడా ఏమిటని అడిగేవాళ్లను దరఖాస్తుదారులు అంటారు.)

మబ్రూక్ అలాంటి దరఖాస్తుదారుడే. వాళ్ల ముత్తాత నిజాంగారి గుర్రపుదళంలో చేరడానికి ఆఫ్రికా నుంచి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ బీబీనగర్ దాటి పోయింది లేదు. తెలుగు, ఉర్దూ తప్ప మూడో భాష ఎరగరు. మబ్రూక్‌కి డిగ్రీ కూడా ఉంది. అయినా ఆరేళ్లుగా ఓ హోటల్ గుమ్మంలో బౌన్సరుగా నిలబడుతున్నాడు. నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగాయి. కూర్చునే పని చూసుకోకపోతే నడక కూడా పోతుందని డాక్టరు తేల్చేశాడు. అందుకని ఒక ప్రైవేటు ఆసుపత్రి సహాయ కౌంటరులో తెలుగు మాట్లాడే ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాడు.

ఇంటర్వ్యూ ఫోన్లో జరిగింది. మనుషుల్ని కుదిర్చిపెట్టే ఏజెన్సీ యజమాని అమరనాథ్ మురిసిపోయాడు. "మాట మస్తుగుంది భాయ్. రేపొచ్చి చేరిపో" అన్నాడు. ఇల్లలకగానే పండగైతే ఇంకేం కావాలి!

మర్నాడు కార్వాన్‌లోని ఏజెన్సీ ఆఫీసులో మబ్రూక్‌ని ఎగాదిగా చూసి, "ఏ దేశం?" అన్నాడు అమరనాథ్.

"బహదూర్‌పురా, సార్."

"గట్ల గాదు. అంతకు ముందు?"

"అమ్మ కడుపుల, సార్."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అమరనాథ్ చెడ్డవాడేం కాదు. మూడు తరాలుగా పప్పుల హోల్‌సేల్ చేసిన కుటుంబం. గింజ చూసి రకం చెప్పగలడు. మనుషులక్కూడా అదే పద్ధతి పెట్టుకుని, గోడకు ఒక చార్టు తగిలించాడు.

సూడాన్: అరబ్బీ పేషెంట్లకు దుబాసీ. కుర్చీ, ఏసీ. నలభై వేలు.

నైజీరియా: ఫైలు తెరవరాదు. (కారణం అడిగినచో, పేపర్లో చదివితిమని చెప్పవలెను.)

సిద్దీ, అంటే మబ్రూక్ లాంటి ఇక్కడివాళ్లు: గుమ్మం. పెళ్లిళ్ల సీజన్లో మర్ఫా డోలు. పద్నాలుగు వేలు.

"నాకు డోలు రాదు సార్."

"వస్తది. మీ రక్తంలనే ఉంటది."

"నా రక్తంల షుగర్ ఉంది సార్. రిపోర్ట్ చూపిస్త."

చూపించాడు. దాంతోపాటు ఒకటి నుంచి పది దాకా బహదూర్‌పురాలోనే చదివినట్టు బడివాళ్లిచ్చిన సర్టిఫికెట్ కూడా బల్ల మీద పెట్టాడు. అమరనాథ్ దాన్ని శ్రద్ధగా చదివి, మబ్రూక్ ముఖం వంక చూసి, మళ్లీ చదివాడు.

"కాగితం లోకలే భాయ్. ముఖమే లోకల్ గాదు. నువ్వు తెలుగుల నమస్తే అంటే పేషెంట్లు పరేషాన్ అయితరు. అసలే రోగాలతోని వచ్చినోళ్లు."

అయినా అమరనాథ్‌కి ఆ గొంతు వదులుకోబుద్ధి కాలేదు. టీ తెప్పించుకుని, గొంతు-ముఖ సమన్వయ పథకం అనేదొకటి అక్కడికక్కడే కనిపెట్టాడు. దాని ప్రకారం కౌంటరులో అభిజ్ఞ అనే తెల్లటి అమ్మాయి కూర్చుని పెదాలు కదుపుతుంది. వెనక స్టోరు గదిలోంచి మబ్రూక్ మైకులో మాట్లాడతాడు.

"మన సినిమాల హీరోయిన్లకు డబ్బింగ్ చేస్తలేరా? గిదీ గంతే. ఎవరన్న తప్పు పట్టిండ్రా?"

మబ్రూక్‌కి ఒళ్లు మండిపోయింది. లేచి పోదామనుకున్నాడు. లేవడానికే మోకాళ్లు రెండు నిమిషాలు తీసుకున్నాయి, ఆ రెండు నిమిషాల్లో మనసు మారింది.

"ఆ గదిల కూర్చోనీకి ఉంటదా సార్?"

"స్టూల్ ఏపిస్త."

"సరే సార్. ఎట్లయినా ఫారినోడి లెక్కనే దాస్తున్నరు. సూడాన్ వాళ్ల జీతమన్న ఇయ్యుండ్రి."

అమరనాథ్ నిజంగానే నొచ్చుకున్నాడు. టీ కప్పు కింద పెట్టి, మబ్రూక్ భుజం మీద ఆప్యాయంగా చెయ్యేశాడు.

"గదేంది భాయ్, గంత మాటంటివి? నువ్వు మనోడివి గదా."