ఎవరి మాటా వినకూడదని ఆర్డరు

మార్ల్‌బెక్ పట్టణ కౌన్సిల్, చెత్త సేకరణ విభాగం డైరెక్టరు ఆబ్రీ ఫాన్‌షా గారు సోమవారం ఉదయం ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"మన దగ్గర ఉద్యోగి ఉద్యోగే, కాంట్రాక్టరు కాంట్రాక్టరే! బుధవారం పన్నుల శాఖ నుంచి తనిఖీకి వస్తున్నారు. ఎవరు ఎవరో వాళ్లకి ఎవ్వరూ చెప్పడానికి వీల్లేదు. మన నడవడి చూసి వాళ్లంతట వాళ్లే తెలుసుకోవాలి. పారదర్శకత అంటే అదీ!"

అన్నమాట ప్రకారం తన గది తలుపు మీది పేరు బోర్డు కూడా అప్పటికప్పుడు ఊడబీకించారు. విభాగంలోని పదకొండు మందిలో పదిమంది ఉద్యోగులు గనక చప్పట్లు కొట్టారు. పదకొండో మనిషి డెస్మండ్ పికర్స్‌గిల్, తను కొట్టవచ్చో కూడదో తేల్చుకోలేక, ఒక్క చేత్తో కొట్టి ఊరుకున్నాడు.

డెస్మండ్ కాంట్రాక్టరు. ఏ వీధి చెత్త ఏ రోజు ఎత్తాలో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం రాయడానికి మూడు నెలలకని వచ్చాడు. అది ఏడేళ్ల కిందటి మాట. చెత్త ఎత్తారు గానీ అతన్ని ఎవరూ ఎత్తలేదు. కాగితాల మీద అతను మనిషి కాదు, కంపెనీ. పికర్స్‌గిల్ సొల్యూషన్స్ లిమిటెడ్. డైరెక్టరు తనే, సెక్రటరీ భార్య ఎనిడ్, ప్రధాన కార్యాలయం వాళ్లింట్లో మెట్ల కింద గది. కంపెనీ గనక కంపెనీ పన్ను కడుతున్నాడు. "నువ్వు కంపెనీవి కావు నాయనా, ముసుగేసుకున్న ఉద్యోగివి" అని పన్నుల శాఖ తేల్చిందా, చట్టం వెనక్కి వెళ్లనిచ్చే ఆరేళ్లకీ ఉద్యోగి పన్ను, దానిమీద వడ్డీ, ఆపైన జరిమానా. మెట్ల కింద గదీ పోతుంది, మెట్లూ పోతాయి, మెట్లెక్కి పడుకునే ఎనిడ్ పడకగదీ పోతుంది.

ఫాన్‌షా గారు అతన్ని లోపలికి పిలిపించారు. కాంట్రాక్టర్ని పిలిపించకూడదని తెలిసీ పిలిపించారంటే వారి ఔదార్యం అలాంటిది.

"డెస్మండ్, మీరు స్వతంత్రులు. ఇవాళ్టి నుంచి ఎవరి మాటా వినకండి. ఇది నా ఆర్డరు."

"అలాగే మిస్టర్ ఫాన్‌షా."

"చూశారా, విన్నారు! వినొద్దన్నానా?"

"సరే, వినను."

"మళ్లీ విన్నారు!"

డెస్మండ్‌కి ఎటూ పాలుపోలేదు. "మరి ఆఫీసుకి ఎన్నింటికి రమ్మంటారు?"

"నేను రమ్మనకూడదండీ. మీకు ఇష్టమొచ్చినప్పుడు మీరు వస్తారు. ఆ ఇష్టం మాత్రం కచ్చితంగా పదిన్నరకి రావాలి. తొమ్మిదికి వచ్చే ఇష్టం ఉద్యోగి ఇష్టం. ఇంకోటి, మీరు కూర్చునే కుర్చీ కౌన్సిల్‌ది. మీ కుర్చీ మీరే తెచ్చుకోండి."

డెస్మండ్ చేపలు పట్టే మడత స్టూలు తెచ్చుకుని ఫోటోకాపీ మిషను పక్కన వేసుకున్నాడు. బల్ల ఎత్తు, స్టూలు పొట్టి. గడ్డం కీబోర్డుకి ఆనేది. దూరంనుంచి చూస్తే బల్లమీద తల మాత్రం పెట్టి మిగతా మనిషి సెలవు మీద వెళ్లినట్టుండేది.

ఆ మధ్యాహ్నమే డిప్యూటీ డైరెక్టరు రోవెనా టాటర్సల్ పుట్టినరోజు కేకు కోసింది.

"ఒక్క ముక్క తినవయ్యా. ఎవడు చూడొచ్చాడు?"

"వద్దు రోవెనా. కేకు తింటే సిబ్బందిలో కలిసిపోయినట్టేనట. మా అకౌంటెంటు చెప్పాడు."

"పోనీ కొనుక్కుని ఏడువు. యాభై పెన్నీలు."

డెస్మండ్ యాభై పెన్నీలిచ్చి, రసీదు రాయించుకుని తిన్నాడు. అంత చేదు కేకు అతను జన్మలో తినలేదు.

తన బదులు ఇంకొకర్ని పంపగలిగినవాడే అసలైన కాంట్రాక్టరని కూడా ఆ అకౌంటెంటే చెప్పాడు. అందుకని మంగళవారం ఎనిడ్ అన్న సెసిల్‌ని పంపాడు. రిటైరైన బస్సు డ్రైవరు. పాపం అయిదింటిదాకా ఆ స్టూలుమీద కూర్చుని, కంప్యూటర్ దేన్నీ గుద్దకుండా చూసుకున్నాడు. ప్రజల్లో ఒకరుగా మెలిగే ఫాన్‌షా గారు వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టి, "కాస్త ఒళ్లు చేసినట్టున్నారు డెస్మండ్, జాగ్రత్త" అని పలకరించారు.

బుధవారం వచ్చింది. ఏడేళ్ల అలవాటు కాళ్లల్లో ఉంటుంది గానీ బుర్రలో ఉండదు. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా డెస్మండ్ కారు దానంతటది కౌన్సిల్ పార్కింగులోకి వచ్చి ఆగింది. పదిన్నరకి ఇష్టం పుట్టేదాకా కారులోనే తల దించుకుని కూర్చున్నాడు. పక్క కారులోంచి రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ దిగి, గొడుగు విప్పి, అద్దంలోంచి అతన్ని చూసి తల పంకించి, నోటుపుస్తకం తీసింది. ఆవిడే పన్నుల శాఖ ఇన్‌స్పెక్టరు, మిస్ ప్రోబర్ట్.

ఆవిడ మూడ్రోజులు ఒక మూల కూర్చుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. చూసింది, రాసుకుంది.

ఆ ఆఫీసులో ఒక ఆచారముంది. టీ ఎవరికి వాళ్లు పెట్టుకోరు. వంతులవారీగా ఒకరు అందరికీ పెడతారు. హత్య చేసినవాణ్ణయినా క్షమిస్తారేమో గానీ టీ వంతు ఎగ్గొట్టినవాణ్ణి క్షమించరు. బుధవారం వంతు డెస్మండ్‌ది. పదకొండయింది. అందరూ ఖాళీ కప్పుల్లోకి చూస్తున్నారు. పదకొండుంబావుదాకా పళ్లు బిగబట్టాడు. తర్వాత నోరు యజమానినడక్కుండానే తెరుచుకుంది.

"టీ ఎవరెవరికి కావాలి?"

పది చేతులు లేచాయి. ఎవర్నీ ఇంకో ప్రశ్న అడక్కుండా, పాలెక్కువ వాళ్లకి ఎక్కువ, చక్కెర వద్దన్నవాళ్లకి వద్దన్నట్టు తెచ్చిపెట్టాడు.

"ఇంతమందికీ ఎలా కావాలో మీకెలా తెలుసు?" అంది మిస్ ప్రోబర్ట్.

"ఏడేళ్లు..." నాలిక కరుచుకున్నాడు. "ఏడే... ఏడే కప్పులు పట్టాయండీ ట్రేలో. మీది మళ్లీ తెస్తాను."

ఆవిడ రాసుకుంది.

గురువారం దవడ పన్ను సలిపింది. పన్నుల శాఖ పక్కనుండగా పన్ను నొప్పి! "రోవెనా, ఒక్క గంట డెంటిస్టు దగ్గరికి వెళ్లి రానా?" అని చెయ్యెత్తి మరీ అడిగాడు. అడిగాక గుర్తొచ్చింది, అడగకూడదని. చెయ్యి దింపేలోపు మిస్ ప్రోబర్ట్ అదీ రాసుకుంది. ఆ రాత్రి ఎనిడ్, "ఇల్లు అమ్మితే మనమెక్కడుంటామండీ?" అంది. దవడ వాచింది గనక జవాబు చెప్పే బాధ తప్పింది.

ఫాన్‌షా గారు మాత్రం తనిఖీకి జంకే మనిషి కారు. ఎప్పటిలా పదకొండూ నలభైకి వచ్చారు. నడుము కోసం సొంతంగా కొనుక్కున్న తోలు కుర్చీలో కూర్చున్నారు. మేయరు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీటింగుకి తన బదులు రోవెనాని పంపారు. ఫైళ్లు ఆమె చేత రాయించారు. మూడింటికి ఎవరితోనూ చెప్పకుండా గోల్ఫుకి వెళ్లారు. మూడ్రోజులూ ఇంతే క్రమశిక్షణ.

శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టి మిస్ ప్రోబర్ట్ నోటుపుస్తకం తెరిచింది.

"ఫోటోకాపీ మిషను పక్కన కూర్చునే ఆయన. వేళకి ముందే వస్తారు. తన పని తనే చేస్తారు. గంట బయటికెళ్లాలన్నా అనుమతి అడుగుతారు. ఆ స్టూలు మీద కూడా రాజీనామా ఇవ్వకుండా ఉన్నారంటే నిస్సందేహంగా ఉద్యోగే. ఉద్యోగి పన్ను జీతంలోనే కోత పడుతుంది. ఈయనతో నాకు పనిలేదు."

డెస్మండ్‌కి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ఊపిరి పీల్చడానికి భయమేసింది.

"ఇక మూల గదిలో ఆయన. ఇష్టమొచ్చినప్పుడు వస్తారు, పోతారు. కుర్చీ సొంతం. ఎవరి మాటా వినరు. తన బదులు ఇంకొకర్ని పంపుతారు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత స్వచ్ఛమైన కాంట్రాక్టర్ని నేను చూడలేదు. ఈయన మీదా కేసు లేదు. వస్తాను."

ఆవిడ రెయిన్‌కోటు తొడుక్కుంది. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం లేని పదిమంది ఉద్యోగులూ ఏకగ్రీవంగా నేల చూపులు చూశారు. ఆవిడ ఒక గుండీ పెట్టుకుంది. రెండో గుండీ పెట్టుకుంది.

"ఒక్క క్షణం!" ఫాన్‌షా గారు లేచారు. మొహం బీట్‌రూటులా ఉంది. "కాంట్రాక్టరా? నేనా?"

"మిస్టర్ ఫాన్‌షా, ఆవిడకి ఆలస్యమవుతోంది, వెళ్లనివ్వండి" అంది రోవెనా, ఆయన కోటు చివర పట్టుకుని.

"నోర్ముయ్ రోవెనా! పాతికేళ్లుగా ఈ కౌన్సిల్ ఉద్యోగినమ్మా నేను! ఈ విభాగానికి డైరెక్టర్ని! కాంట్రాక్టరు అడుగో, ఆ స్టూలు మనిషి! ఏడేళ్లుగా ఇక్కడే పడున్నాడు!" అని, ఎవరి పైన ఎవరో చూపించే పటం దాచిన సొరుగులోంచి తీసి, పైనున్న తన పెట్టెనీ, అసలు పెట్టే లేని డెస్మండ్‌నీ వేలితో చూపిస్తూ, జరిగిన పొరపాటంతా ఆవిడకే కాక, ముందే తెలిసిన పదిమందికీ కూడా విడమరిచి చెప్పారు. డెస్మండ్ కళ్లు మూసుకున్నాడు.

"అలాగా!" మిస్ ప్రోబర్ట్ రెండు గుండీలూ విప్పి, మళ్లీ కూర్చుంది. "అయితే రెండు కేసులన్నమాట. కాంట్రాక్టరు ముసుగులో ఒక ఉద్యోగి, ఉద్యోగి ముసుగులో ఒక కాంట్రాక్టరు."

"రెండా? రెండోది ఎవరిది?"

ఆవిడ కొత్త కాగితం తీసి, పైన తారీకు వేసింది.

"మీ పూర్తి పేరు చెప్పండి, మిస్టర్ ఫాన్‌షా."