గాజు హౌజులో ముల్కీ చేప

ఏ రెండు ప్రాణులు ఒకే నీళ్లలో కలిసి బతకవచ్చునో నిర్ణయించే అధికారం 1348 ఫసలీలో (అంటే 1938-39లో) పంజాగుట్టలోని ఒక దేవిడీ కింది అంతస్తులో, కిటికీ లేని ఒక గదికి ఉండేది. అంతకు ముందు కొన్ని లక్షల ఏళ్లుగా ఈ పని సృష్టికర్తే చూస్తూ వచ్చాడు. కాని ఆయన రికార్డు ఎక్కడా సరిగా లేనందున జాగీరు దఫ్తరు దాన్ని తన చేతుల్లోకి తీసుకోవలసి వచ్చింది.

సంగతేమిటంటే, జాగీర్దారు నవాబుగారు ఏదో దేశం పోయి, ఎవరి ఇంట్లోనో గాజు హౌజు ఒకటి చూసి వచ్చారు. నిండా నీళ్లు, నీళ్లలో పచ్చటి మొక్కలు, మొక్కల సందుల్లో రంగురంగుల చేపలు. నెల తిరిగేసరికి దివాన్‌ఖానాలో పన్నెండడుగుల గాజు హౌజు లేచింది. మాలీలు అందులో ఇసుక పరిచి, రిబ్బన్ల లాంటి ఆకులున్న నీటి మొక్కలు నాటారు. చేపలే తరువాయి. ‘ఒకదానితో ఒకటి కొట్లాడని చేపలను మాత్రమే వేయవలెను’ అని హుకుం వచ్చింది. మరునాటికల్లా చేపల అనుకూలతా సర్రిష్తా వెలిసింది. (సర్రిష్తా అంటే శాఖ. దానికి ముందు ఒక నాజిమ్, వెనుక ఒక చప్రాసీ, మధ్యలో పని చేయడానికి ఒకడు ఉంటారు.)

ఆ మధ్యలో వాడు దయానందం. జాగీరులో తొమ్మిదేళ్లుగా ఖాయం కాని తాత్కాలిక గుమాస్తా. మొదట గులాబీ మొక్కలు లెక్కపెట్టాడు, తరువాత పావురాలను, తరువాత ఫౌంటెన్ చిమ్మే గంటలను. ఆరు నెలలకోసారి తనను ఇంకో ఆరు నెలలు ఉంచమని దరఖాస్తు పెట్టుకునేవాడు. తాత్కాలికుణ్ణి తీసేయడానికి కాగితం అక్కర్లేదు, నోటి మాట చాలు. ముగ్గురు పిల్లలతో అమీర్‌పేటలో కాపురం ఉన్న మనిషికి ఆ నోటి మాట ఎప్పుడు ఏ నోట్లోంచి వస్తుందోనన్న భయం తొమ్మిదేళ్లుగా వదల్లేదు.

అతని భార్య జీవమణికి మాట దాచుకునే అలవాటు లేదు. “ఖాయమైనోడు సస్తే పెండ్లానికి పింఛను వస్తదట. నువ్వు సస్తే నాకు నీ గొడుగు వస్తది. అది సుత చిరిగింది” అనేది, అన్నం వడ్డిస్తూనే.

ఈసారి మాత్రం నాజిమ్ రాజనర్సయ్యగారు గట్టిగానే మాట ఇచ్చారు. “హౌజు నవాబుసాబుకు పసందైతే నీ ఖాయం కాగితం మీద నేనే దస్తఖత్ చేస్త. ఫికర్ చేయకు.”

దయానందానికి చేపలు తెలుసు. చిన్నప్పుడు తండ్రి వెంట కుంటల గట్ల మీద గాలం పట్టుకుని తిరిగినవాడు. ఇప్పటికీ ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లలను వెంటేసుకుని నీళ్లున్న చోటికి పోయి, ఊరికే చూస్తూ కూర్చునేవాడు. అందుకని ఒక్క రాత్రిలో ఒక్క కాగితం మీద పని ముగించేశాడు. పెద్ద నోటి చేప పక్కన చిన్న ఒంటి చేపను వేయొద్దు. మొక్కలు కొరికే చేప ఎంత అందంగా ఉన్నా వద్దు. గుంపులో తిరిగేదాన్ని ఒంటరిగా వేయొద్దు, బెంగతో చస్తుంది.

రాజనర్సయ్యగారు కాగితాన్ని తిరగేసి వెనక చూశారు. వెనక ఏమీ లేదు.

“ఏందయ్యా ఇది? ఒక్క కాగితంతోని మిసిల్ అయితదా? ఫైలు అనిపించుకుంటదా? వల్దియత్ ఏది? సకూనత్ ఏది?”

“తండ్రి పేరు, ఊరు పేరు... చేపలకా, హుజూర్?”

“మరి దిక్కు లేనిదాన్ని తెచ్చి దివాన్‌ఖానాల పెడ్తమా?”

పందొమ్మిది ఖానాల నమూనా ఫారం తయారైంది. చేప పేరు, తండ్రి పేరు, పుట్టిన చెరువు, నడవడిక, ఇదివరకటి కొలువు, అక్కడి నుంచి ఎందుకు వెళ్లిపోవలసి వచ్చింది. ఇరవయ్యో ఖానాగా ‘నోటి వెడల్పు’ చేర్చమని దయానందం బతిమాలాడు. మర్యాదస్తుల నోటి గురించి ఫారంలో అడగడం సభ్యత కాదని నాజిమ్‌గారు కొట్టేశారు.

చలికాలం బహమన్ నెలలో బొంబాయి రైల్లో డబ్బాలు దిగాయి. వాటిలో నలభై చిట్టి చేపలు, ఎర్రటి తోకలు, చిటికెన వేలంత ఒళ్లు. ఎవరినీ కొరకవు, మొక్కల జోలికి పోవు. వాటిని చూసి దయానందం ప్రాణం లేచి వచ్చింది. రాజనర్సయ్యగారు మాత్రం పదహారో ఖానా దగ్గర ఆగిపోయారు.

“ఇవి గైర్ ముల్కీ.”

నిజాం రియాసతులో కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాలి, అంటే ఇక్కడివాడై ఉండాలి. బయటివాడైతే పదిహేనేళ్లు ఇక్కడే కాపురం ఉన్నట్టు రుజువు చూపాలి. పై సర్కారు పెట్టిన ఈ కాయిదాను జాగీరు తు.చ. తప్పకుండా పాటించేది.

“హుజూర్, ఈ చేప బతికేదే మూడేండ్లు.”

“అది దాని గల్తీ. కాయిదాది కాదు.”

నాలుగు రోజులు మొత్తుకున్నాక ఒక దారి దొరికింది. ఎర్రతోక కలిగిన ముల్కీ అభ్యర్థి ఎవరైనా ఉంటే హాజరు కావలెనని దఫ్తరు గోడ మీద ఇశ్తిహారు అంటించారు. పది రోజులు చూశారు. ఎవరూ రాలేదు. (ఒక రంగులద్దేవాడు ఇక్కడి చేప తోకకే రంగు వేసిపెడతానన్నాడు గాని, గడువు దాటింది.) అప్పుడు ఆ నలభైని మూడు నెలలకు తాత్కాలికంగా హౌజులోకి తీసుకున్నారు. ఒక షరతు మీద. వాటి పైన పెద్ద హోదాలో ఒక ముల్కీ ఉండి తీరాలి.

పెద్ద హోదా కోసం హుస్సేన్‌సాగర్ నుంచి పెంటయ్య అనే చేపలు పట్టేవాడు తట్టలో తెచ్చిన అభ్యర్థి ఒక కొర్రమట్ట. మూరెడు పొడవు, నల్లగా నిగనిగలాడుతూ, తల అచ్చం పాము తల.

దయానందం దాని నోరు చూశాడు. పెంటయ్యను పక్కకు పిలిచాడు.

“పెంటన్నా, నిజం చెప్పు. దీన్ని గా చిన్నవాటితోని వేస్తే?”

“ఏస్తే ఏముంటది సారూ, పొద్దుగాల్లకు ఇదొక్కటే ఉంటది” అని పెంటయ్య నవ్వాడు. “వండుకుంటరేమో అనుకొని తెచ్చిన గద.”

ఆ మాటే దయానందం ఆక్షేపణగా రాసి పెట్టాడు. నాజిమ్‌గారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు.

“దీని మీద ఏదన్న చేప లిఖితంగా ఫిర్యాదు ఇచ్చిందా?”

“ఇయ్యలేదు, హుజూర్.”

“మరి?” అంటూ ఇంకో కాగితం ముందుకు తోశారు. అది నడవడిక పత్రం. ఖైరతాబాద్‌లో ఉండే పెద్ద పేష్కారుగారు స్వయంగా ఇచ్చింది. ‘ఈ చేప వంశాన్ని మూడు తరాలుగా ఎరుగుదును. చక్కని వంశము’ అని ఉంది. (ఎరిగింది భోజన సమయాల్లోనే గాని, నమూనాలో ఆ వివరం అడగలేదు.)

“పందొమ్మిదో ఖానాల ‘అనుకూలం’ అని రాసి దస్తఖత్ చెయ్. నీ ఖాయం కాగితం సుత గీ మిసిల్లనే ఉన్నది. ఇది ముందుకు పోతే అది పోతది. ఇది ఆగితే అదీ ఆగుతది.”

ఆ సాయంత్రం దయానందం హౌజు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నలభై ఎర్రతోకలూ గుంపుగా వచ్చి గాజుకు మూతులు ఆనించాయి. వాటికి రోజూ మేత వేసేది అతనే. ఎదురుగా కనబడుతున్నదాన్ని కాదని రాయడానికి అతనికి సిగ్గేసింది, ఆ సిగ్గు చాలదన్నట్టు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఇంట్లో ముగ్గురు పిల్లలు గుర్తొచ్చారు. లోపలికి పోయి ‘అనుకూలం’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి చెబితే జీవమణి కంచం పెట్టి అన్నం వడ్డించింది. “చేపలే కద” అంది. ఆమె గొంతులో ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

కొర్రమట్ట కొలువులో చేరిన మరునాడు హాజరు పుస్తకంలో ఎర్రతోకలు ఇరవై ఆరు. ఆ మరునాడు పదకొండు. మూడో రోజు మొక్కలే ఉన్నాయి. కనబడని నలభై చేపలను ‘సెలవు పెట్టకుండా గైర్హాజరు’ అని రాశారు. ఏడు రోజుల్లోగా జవాబు ఇచ్చుకోవాలని ఒక్కొక్క చేప పేరనా నోటీసు తయారుచేసి, నలభై నోటీసులనూ హౌజు గాజుకు, అక్షరాలు లోపలికి తిరిగేలా అంటించారు. జవాబు రాలేదు. తాత్కాలికులకు క్రమశిక్షణ ఉండదని నాజిమ్‌గారు బాధపడ్డారు.

నవాబుగారు చూడవచ్చే రోజున నోటీసులు గోకి తీసేశారు. ఆయన వచ్చారు. పచ్చటి మొక్కల నడుమ ఒక్క నల్లటి చేప, కదలకుండా, నిండుగా. ఆయన చాలాసేపు చూశారు.

“కొట్లాట ఏమీ లేదు కదా?”

“లేదు హుజూర్. పూరా అమన్, అంతా శాంతి” అన్నారు రాజనర్సయ్యగారు వంగి.

నవాబుగారికి హౌజు పసందైంది. మధ్యాహ్నమే రాజనర్సయ్యగారు దయానందాన్ని పిలిచి కలం పట్టుకోమన్నారు. దస్తూరీ బాగున్న గుమాస్తా ఆ దఫ్తరులో అతనొక్కడే. నాజిమ్‌గారు చెబుతుంటే దయానందం రాసుకుంటూ పోయాడు. చేపల అనుకూలత సంపూర్ణంగా సిద్ధించినందున ఇక ఎంపిక పని మిగలలేదనీ, పని లేనందున ఎంపిక గుమాస్తా పోస్టు నేటి నుండి రద్దు అనీ రాశాడు. ఎవరి పోస్టో చేతికి తెలిసేసరికి వాక్యం అయిపోయింది.

“హుజూర్, నా ఖాయం కాగితం...”

“పోస్టే లేనప్పుడు ఖాయం దేన్ని చేస్తరయ్యా? రాయి, ఇంకొకటి ఉన్నది.”

దయానందం కలాన్ని సిరాలో ముంచాడు. హౌజులోని కొర్రమట్టను నేటి నుండి ఖాయం చేయడమైనది, అని రాశాడు. కారణం అనే ఖానాలో నాజిమ్‌గారు చెప్పిందీ అక్షరం పొల్లు పోకుండా రాశాడు: ‘సాటి చేపల నుండి ఈ చేప మీద నేటి వరకు ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.’