కొలతల శాఖలో ఇంగ్లీషు శనివారం

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ప్రపంచ సంస్కృతి మన తలుపు తట్టుచున్న ఈ తరుణమున, ఈ కార్యాలయ సిబ్బంది ఇంకను మాతృభాషలోనే నవ్వుచు, మాతృభాషలోనే ఏడ్చుచు కాలక్షేపము చేయుట శాఖా ప్రతిష్ఠకు భంగకరమని గుర్తించడమైనది. కావున ప్రతి శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు సమావేశ మందిరమున ఒక సుప్రసిద్ధ ఆంగ్ల చలనచిత్రము ప్రదర్శింపబడును. హాజరు తప్పనిసరి. ఆనందము కూడా తప్పనిసరి."

కింద సంతకం: డైరెక్టరు, తూనికలు కొలతల శాఖ.

సినిమా తీసేవాణ్ని డైరెక్టరంటారు. తూకంరాళ్లకు ముద్రలు వేయించేవాణ్నీ డైరెక్టరే అంటారు. ఇది భాష చేసిన పొరపాటు. ఆ పొరపాటును బాధ్యతగా నెత్తినెత్తుకున్న మహానుభావుడు ఆయన. "డైరెక్టరన్నవాడికి సినిమా తెలియకపోతే ఎలాగయ్యా!" అని ఆయన తరచూ తనను తానే ప్రశ్నించుకుని, తానే మెచ్చుకునేవారు.

ఆ సర్క్యులరు చూసి అందరికంటే ఎక్కువ కంగారుపడినవాడు యాక్టింగ్ సూపరింటెండెంటు. పాతాయన రిటైరైన రోజున తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. పదకొండేళ్లయినా తాత్కాలికంగానే కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్ల యాక్టింగ్! ఇంకెవరైనా అయితే ఈపాటికి అవార్డు పుచ్చుకుని ఇంటికెళ్లేవారు. ఈయన రోజూ సంచీ పుచ్చుకుని వెళ్తున్నాడు. 'యాక్టింగ్' అన్న ఆ ఒక్క మాట కొట్టేయించుకుని పర్మనెంటు కావడమే ఆయన జీవితాశయం. కొట్టేయాల్సిన పెన్ను డైరెక్టరుగారి జేబులో ఉంది. పైగా అదే కుర్చీ మీద తూనికల ఇన్‌స్పెక్టరు కన్నేశాడు. ఒక కన్ను కాదు, కళ్లజోడుతో సహా రెండూ వేశాడు.

మొదటి శనివారానికి ముందే డైరెక్టరుగారు సెక్షన్లవారీగా సినిమా రకాలు పంచేశారు.

"ఒక్కో సెక్షనుకి ఒక్కో జానరు!" అన్నారు.

"జానరంటే జనరలా సార్?" అంది టైపిస్టు.

"కాదమ్మా, పర్టిక్యులర్."

రికార్డుల సెక్షనుకి మిస్టరీ ఇచ్చారు. అక్కడ ఫైళ్లు ఎక్కడుంటాయో ఎవరికీ తెలియదు కనక. ఫిర్యాదుల సెక్షనుకి దయ్యాల సినిమాలు. ఎన్నిసార్లు పూడ్చిపెట్టినా లేచి వస్తుంటాయి కనక. తూనికలవాళ్లకు యుద్ధాలు, పెన్షన్లవాళ్లకు వైజ్ఞానిక కల్పన. యాక్టింగ్ సూపరింటెండెంటుకి డ్రామా. ఇందులో ఎవరికీ అనుమానం రాలేదు.

తెర అడుగున వచ్చే అక్షరాలను కూడా తీసేయించారు. "సినిమాకొచ్చామా, పరీక్షకొచ్చామా? చూడమంటే చదువుతారేమిటయ్యా!" అన్నారు. సిబ్బందికి తలరాత ఎలాగూ చేతిలో లేదు. ఆ రోజుతో కిందరాత కూడా పోయింది!

మొదటి సినిమా మొదలైంది. పది నిమిషాల్లో అందరూ ఒక సత్యం కనిపెట్టారు. తెర వైపు చూస్తే లాభం లేదు, ముందువరసలో డైరెక్టరుగారి భుజాల వైపు చూడాలి. భుజాలు కదిలితే నవ్వాలి, వాలితే నిట్టూర్చాలి. బాగానే సాగింది. ఒకచోట డైరెక్టరుగారికి తుమ్మొచ్చి భుజాలు ఎగిరిపడ్డాయి. హాలంతా పగలబడి నవ్వింది. తెర మీద శవపేటిక గోతిలోకి దిగుతోంది.

"చావులో కూడా హాస్యం చూడగలగడం, అదీ ఇంగ్లీషువాడి గొప్ప!" అని డైరెక్టరుగారే సర్దేశారు.

ఇలా అయితే పర్మనెంటు కాదని యాక్టింగ్ సూపరింటెండెంటుకు తెలిసిపోయింది. మరుసటి వారం ఆడబోయే సినిమాను ముందే సంపాదించి, ఫోనులో పెట్టి, భార్య కుట్టుమిషను మీద దారాల డబ్బాకు ఆనించాడు. ఆవిడ టైలరు. ఇంటి ముందుగదే దుకాణం. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, కాళ్లు మిషను మీద, కళ్లు ఫోను మీద. సినిమా అయిపోయింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఆ లావుపాటి లాయరు అబద్ధమాడుతున్నాడండీ," అంది ఆవిడ సూదులు తీసి.

"ఇంగ్లీషెప్పుడు నేర్చావే!"

"దానికి ఇంగ్లీషెందుకు? గెలిచే ధీమా ఉన్నవాడు కొత్త కోటు కుట్టించుకుంటాడు. ఈయన పాతదాన్నే చంకల్లో విప్పి వదులు చేయించుకున్నాడు. తన మాట మీద తనకే నమ్మకం లేదు."

ఆయన అదే రాసుకెళ్లి శనివారం సినిమా అయ్యాక తన అభిప్రాయంగా చదివాడు. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "ఓహో! వస్త్రధారణలో అంతర్లీన సంకేతం! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా ఈ బుర్రని?"

ఇంట్లో దాచాడు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

మూడు శనివారాలు ఆయన దశ తిరిగింది. ఇన్‌స్పెక్టరుకి తల తిరిగింది. "ఏం గురూగారూ, రాత్రిళ్లు ఇంగ్లీషులో కలలొస్తున్నాయా?" అని దెప్పి, తిన్నగా వెళ్లి డైరెక్టరుగారి చెవిలో ఏదో ఊదాడు. ఫలితంగా కొత్త సర్క్యులరు వచ్చింది. ఈసారి సినిమా పేరు రహస్యం. చూసిన వెంటనే లేచి నిలబడి వివరించాలి. బాగా వివరించినవారి పేరు పర్మనెంటుకు సిఫార్సు. కుటుంబ సమేతంగా రావచ్చు.

"నువ్వు నా పక్కనే కూర్చోవాలి," అన్నాడాయన భార్యతో. "నేను చెయ్యి నొక్కితే చెప్పాలి."

కానీ హాల్లో కుటుంబాలకు వెనకవరసలు కేటాయించారు! ఆయన చేతికి పక్కనున్న ఇన్‌స్పెక్టరు చెయ్యే దొరికింది.

సినిమాలో మంచు కురిసే ఊరు. ఒక డాక్టరు, ఆయన దగ్గర ఒక నర్సు. తుపానులో రోగిని చూడటానికి వెళ్లాడు, తెల్లారి తిరిగొచ్చాడు. తర్వాత చాలాసేపు అందరూ చాలా మాట్లాడుకున్నారు. అయిపోయింది. దీపాలు వెలిగాయి.

"చూశారా!" అన్నారు డైరెక్టరుగారు. "అది మంచు కాదు. ఆధునిక మానవుడి ఒంటరితనం."

"మంచి మంచు సార్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దాన్ని మించింది లేదు!"

"అదంతా ఆ డాక్టరు కల అనుకుంటా సార్," అంది టైపిస్టు.

"అది కూడా!" అన్నారు డైరెక్టరుగారు ఉదారంగా. "ఏమయ్యా యాక్టింగూ, నువ్వు చెప్పు."

ఆయన లేచాడు. వెనక్కి తిరిగి చూశాడు. భార్య అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది.

"ఒంటరితనమే సార్... అయితే... కొంచెం జంటగా..."

"డబుల్ యాక్షనండీ!" అంది ఆవిడ ఇక పట్టలేక, లేచి నిలబడి. "వెళ్లినాయన వేరు, వచ్చినాయన వేరు. అన్నదమ్ములేమో. అసలాయన మంచులోనే పోయాడు."

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"కోటు చూడలేదా? వెళ్లేటప్పుడు చేతులు సరిగ్గా మణికట్టు దాకా ఉన్నాయి. వచ్చాక బొటనవేళ్లు మునిగిపోయాయి. మంచులో నానితే కోటు కుదించుకుపోవాలి గానీ మనిషి కుదించుకుపోతాడా? తర్వాత ఆ చేతులు లోపలికి మడిచి కుట్టారు. నీలం దారం. ఆ ఇంట్లో నీలం గుడ్డంటే ఆ నర్సమ్మ ఏప్రానొక్కటే. ఆవిడకు మొదటి రోజే తెలిసిపోయిందండీ. చెబితే ఊరికి డాక్టరు లేకుండా పోతాడని, నోరు మూసుకుని కుట్టి పెట్టింది."

వెనకవరసల్లో ఎవరో కళ్లు తుడుచుకున్నారు. ఆ ఐదు శనివారాల్లోనూ భుజాలు చూడకుండా వచ్చిన కన్నీళ్లు అవే.

"కరెక్ట్!" అన్నారు డైరెక్టరుగారు తేరుకుని. "నేను సరిగ్గా అదే చెప్పబోతున్నాను."

"నేనూ అదే సార్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మర్యాదకి ఆగాను."

"అమ్మా, తమరు ఇంగ్లీషు ఏ కాలేజీలో చదివారు?"

"నాకు ఇంగ్లీషు రాదండీ. బట్టలు చెప్పింది చెప్పాను. వాళ్లు చివర్లో అంతసేపు ఏం మాట్లాడుకున్నారో అదొక్కటే తెలీలేదు. మీ అందరికీ వచ్చుగా, కాస్త చెప్పండి."

అరవై మంది ఒకేసారి గడియారాలు చూసుకున్నారు. డైరెక్టరుగారికి హఠాత్తుగా అత్యవసర సమావేశం గుర్తుకొచ్చింది. పోతూ పోతూ, "పర్మనెంటు విషయం పరిశీలనలో ఉంచడమైనది!" అన్నారు.

ఇంటికొచ్చాక యాక్టింగ్ సూపరింటెండెంటు సంచీ గోడకేసి కొట్టాడు. "కొంప ముంచావు కదే! పరిశీలనంటే ఏమిటో తెలుసా? నేను పోయాక కూడా పరిశీలిస్తారు!"

"తెలీక అడిగానండీ. తెలీంది అడగడం కూడా తప్పేనా?"

"మా ఆఫీసులో అంతకంటే పెద్ద తప్పు లేదు!"

మర్నాడు ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు ఒక చొక్కా పట్టుకుని దిగాడు. జేబు వదులైందట. వదినగారూ అంటూ వరస కలిపి, వచ్చే వారం సినిమా సంగతి కదిపాడు. ఆవిడ ఆ చొక్కా తొడిగించి, గుండుసూదులు గుచ్చి, తెర వెనక నిలబెట్టిందో లేదో, గుమ్మంలో డైరెక్టరుగారు! చేతిలో ప్యాంటు.

"ఇది కాస్త పొడుగైందమ్మా."

ఆవిడ కొలిచి చూసింది. "సరిగ్గానే ఉంది సార్."

"అయితే పొట్టి చెయ్యండి." గొంతు తగ్గించారు. "శనివారం హెడ్డాఫీసు నుంచి కమిషనరుగారు వస్తున్నారు. సినిమా చూసి నన్ను వివరించమంటారు. పేరు చెబుతాను, మీరొకసారి ముందుగా..."

తెర వెనక దగ్గు వినిపించింది. డైరెక్టరుగారు తెర లాగారు. ఒంటి నిండా సూదులతో ఇన్‌స్పెక్టరు!

"నువ్వెందుకొచ్చావయ్యా?"

"జేబు కోసం సార్. తమరు?"

"కోటు కోసం!" అన్నారు డైరెక్టరుగారు, ప్యాంటు వెనక దాచుకుంటూ. "కొత్త కోటు! కొలతలు తియ్యండమ్మా!"

"చేతులెత్తండి సార్."

డైరెక్టరుగారు చేతులెత్తారు. అక్షరాలా ఎత్తేశారు. ఆవిడ టేపు చుట్టింది. యాక్టింగ్ సూపరింటెండెంటు నోటుబుక్కు తెరిచి, పెన్సిలు తడుపుకుని నిలబడ్డాడు.

"ఊపిరి వదలండి సార్. పొట్ట లోపలికి లాగితే కొలత తప్పుతుంది."

"నేనేం లాగట్లేదే!" అన్నారాయన ఎర్రగా కందిపోయి.

"లాగుతున్నారు సార్. ఆ ఊపిరి రేపు కోటులో బిగబట్టలేరు. గుండీలు ఎగిరిపోతాయి. కమిషనరుగారి ఎదురుగా."

ఆ మాటతో ఆయన వదిలేశారు. ముందు ఊపిరి బయటికొచ్చింది, దాని వెనక పొట్ట వచ్చింది, దాని వెనకే నిజం కూడా వచ్చేసింది.

"నాకు ఇంగ్లీషు సినిమా ఒక్క ముక్క అర్థం కాదమ్మా!"

"నాకూ అంతే సార్," అన్నాడు సూదుల్లోంచి ఇన్‌స్పెక్టరు. ఆ దగ్గరితనం డైరెక్టరుగారికి ఏమంత నచ్చినట్లు లేదు.

ఆవిడ టేపు అంకె చూసి భర్త వైపు తిరిగింది. "నడుము నలభై నాలుగు. రాసుకోండి."

దేశంలోని ప్రతి టేపుకూ ప్రతి గజంబద్దకూ ముద్ర వేసే శాఖకు అధిపతి, చేతులు ఇంకా గాల్లోనే ఉంచి, ఇన్‌స్పెక్టరు వైపు ఒకసారి, నోటుబుక్కు వైపు ఒకసారి చూసి, పదకొండేళ్లలో ఎన్నడూ లేనంత మెత్తగా అన్నారు:

"నలభై అని రాసుకోవయ్యా... పర్మనెంటు సూపరింటెండెంటూ!"

పెన్సిలు ఆగిపోయింది. ఆయన భార్య ముఖంలోకి చూశాడు.

"రాసెయ్యండి," అంది ఆవిడ కత్తెర అందుకుంటూ. "కాయితం మీద నలభయ్యే ఉండనివ్వండి. గుడ్డ మాత్రం నేను నలభై నాలుక్కే కత్తిరిస్తాను."