శంకరరావు దుప్పటి

సునామీ వచ్చిన వారానికి, పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో కిరాణా కొట్టు నడిపే శంకరరావు పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చాడు. బళ్లో పెట్టిన సహాయ శిబిరానికి గుండిగెడు పులిహోర పట్టుకెళ్లి, తన చేత్తో వడ్డించాలి. ఈ మాట బస్తీ మొత్తానికి ముందే చాటేశాడు కూడా.

అన్నదానమంటే మడి తప్పకూడదు. అందుకని నెత్తిన నాలుగు చెంబులు గుమ్మరించుకుని, తడి పంచెతో, చొక్కా చెప్పులు లేకుండా, గుండిగ నెత్తికెత్తుకుని బయల్దేరాడు.

ఇంగ్లీషులో ఆయన వాడే క్రియ ఒక్కటే, డిగ్రేడ్. చెమ్మ తగిలితే బియ్యం డిగ్రేడయ్యేవి. సంఘం కార్యదర్శి పదవి నుంచి దించినప్పుడు ఆయన్ని డిగ్రేడ్ చేశారు. భార్య కామేశ్వరమ్మ కాఫీ ఆలస్యంగా ఇచ్చినా అదే మాట.

శిబిరం గుమ్మంలో ఎవరో గుండిగ అందుకుని వంటశాలలోకి పోయారు. నిన్ననే ఢిల్లీ నుంచి దిగిన వాలంటీరు అమ్మాయి, తడిసి ముద్దయిన ఈ మనిషిని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. భయం లేదంటూ గబగబా దుప్పటి కప్పి చాప మీద కూర్చోబెట్టింది.

"డరియే మత్ అంకల్, అబ్ ఆప్ సేఫ్ హై."

"అరే బేటీ, మడి పోయిందమ్మా! ఖానా మై లాయా! ఆ పులిహోర నాది!"

"హా అంకల్, సబ్ ఆప్‌కా హీ హై," అంతా మీదేనని బుజ్జగిస్తూ ఆమె డాక్టర్ని పిలిచింది. పాపం, షాకులో ఉన్నాడని ఆయన తేల్చాడు. శంకరరావు అరిచినకొద్దీ జబ్బు ముదిరిందనుకుని ఇంకో దుప్పటి కప్పారు. ఎంత అన్యాయం! పెట్టడానికి వచ్చినవాడి ముందు విస్తరి వేయడమేమిటి?

కిటికీలోంచి ఇదంతా చూసిన పక్కింటి తిరుమలేష్ బస్తీకి పరిగెత్తాడు. "దీదీ, భయ్యాని క్యాంపులో పడుకోబెట్టేశారు!" కామేశ్వరమ్మ కొట్టు తెరిచింది తెరిచినట్టే వదిలేసి, ఏడుస్తూ వచ్చిపడింది. ఆ అమ్మాయి ఆమెనూ ఓదార్చి, చేతిలో ఒక చీర పెట్టింది.

"ఇదేటండీ?" అంది కామేశ్వరమ్మ.

"నన్ను డిగ్రేడ్ చేసేశారే! పేరున్న మనిషిని ముష్టివాణ్ణి చేసి కూర్చోబెట్టారు. ఈ దుప్పటితో చూశాక బస్తీలో నాకిక విలువేటుంటాది?"

పక్క చాప మీది ఎరుకమ్మ తలెత్తింది. ఇల్లూ పడవా సముద్రం పట్టుకుపోయిన మనిషి. ఆమె ఒంటిమీదున్నదీ అలాంటి దుప్పటే.

"ఓ గంట కప్పుకుంటేనే నువ్వంత డిగ్రేడయిపోతే, వారం నుంచి కప్పుకుంటన్నాం, మా సంగతేటి బాబూ?"

ఇన్నాళ్లూ తనను ఎవరో ఒకరు డిగ్రేడ్ చేస్తున్నారనే శంకరరావు అనుకున్నాడు. ఇవాళ వీళ్లందర్నీ డిగ్రేడ్ చేసినవాడు తనే. సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఈలోగా కామేశ్వరమ్మ వెంటే వచ్చిన తిరుమలేష్ అసలు సంగతి చెప్పడంతో వాలంటీరు అమ్మాయి పరుగున వచ్చి, చేతులు జోడించి, దుప్పట్లు తీయబోయింది. శంకరరావు తీయనివ్వలేదు. రెండూ కప్పుకునే లేచి, గరిటె అందుకుని, మొదటి విస్తరి ఎరుకమ్మకు వడ్డించాడు.

"చెమటలు కారిపోతన్నాయి, ఆ దుప్పట్లు తీసెయ్యండి," అంది కామేశ్వరమ్మ.

"చలేస్తందే," అన్నాడు శంకరరావు.

పోర్ట్‌బ్లెయిర్‌లో మిట్టమధ్యాహ్నం చలి వేసిన మొదటి మనిషి ఆయనే.