కుడిచేతి సాక్షులు

ఆ రోజుకు గుర్వయ్య వేసుకున్న లెక్క చాలా చిన్నది. పొద్దున జొన్న గటక తాగాలి, సర్కారు గిర్దావరు విచారణకు రాగానే రెండు ముక్కలు నిజం చెప్పాలి, వేలిముద్ర వేసి పొద్దు తిరిగేలోపు గొర్రెల బేరానికి పోవాలి. నిజం చెప్పడంలో ఇంత తంటా ఉంటుందని పాపం అతనికి తెలియదు.

గుర్వయ్య గొర్రెలు కాసే కురుమ. కరువులో మంద అమ్ముకుని జడ్చర్లలో ఒక పత్తి మిల్లులో కూలికి చేరాడు. మూడు నెలల కింద గింజలు తీసే యంత్రం అతని ఎడమచేతి వేళ్లన్నీ మింగేసింది. నిజాం సర్కారు కొత్త కానూను ప్రకారం మిల్లువాళ్లు పరిహారం ఇవ్వాలి. ఎంత అన్నది కాగితం మీద రాసే వంతును బట్టి ఉంటుంది. కుడిచెయ్యి పోతే మనిషి నూటికి అరవై వంతులు పోయినట్టు, ఎడమచెయ్యి పోతే యాభై వంతులే. దవాఖానలో డాక్టరు యాభై రాశాడు. "నువ్వు ఎడమచేతి వాటమోనివైతే ఎడమనే కుడి కింద లెక్కపట్టి అరవై రాస్తరు. గిర్దావరు ఊర్లకొచ్చి విచారిస్తడు" అని మిల్లు మున్షీ అతని చెవిన వేశాడు.

గుర్వయ్యది పుట్టు ఎడమచేతి వాటం. తిండికీ దండానికీ మాత్రం తల్లి వాతలు పెట్టి కుడిచెయ్యి అలవాటు చేసింది. గొర్రెల బొచ్చు కత్తిరించినా, ఉన్ని వడికినా, కొమ్మ నరికినా ఎడమచెయ్యే. యాభై వంతులకు ఇరవై గొర్రెలు వస్తాయి. అరవై అయితే వాటికి తోడు మంచి పొట్టేలు కూడా వస్తుంది. పొట్టేలు లేకుండా మంద ఎలా పెరుగుతుంది? మళ్లీ మిల్లు గడప తొక్కకుండా బతకాలంటే ఆ పది వంతులు కావాల్సిందే. పైసలు చేతికొచ్చాక చెబుదాంలే అని ఈ సంగతి పెండ్లానికి కూడా చెప్పలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

గిర్దావరు కంటే ముందు అతని జవాను ఊళ్లో దిగాడు. గుర్వయ్య ఎడమచేతి వాటం మనిషేనా అని విచారించడానికి దొర వస్తున్నాడు, తెలిసినవాళ్లు ఇద్దరు చావడి కాడికి రావాలని చాటాడు. నీళ్లకు పోయిన గుర్వయ్య పెండ్లాం లక్ష్మీనర్సమ్మ చెవిన ఇది పడింది. ఆమె మొగుడు పదకొండేళ్లుగా పండుగ పండుగకూ కులదేవుడు బీరప్ప గుడిలో అందరి నొసటా బండారి పసుపు పెడుతున్నవాడు. ఎడమచేతివాడు బండారి ముట్టరాదని కులం కట్టుబాటు. అతని వాటం సంగతి ఊరందరికీ తెలుసు గానీ ఎవరూ పైకి అనరు. ఎవడో గిట్టనివాడు సర్కారుకు చాడీలు చెప్పాడనుకుని, ఆమె కడవ అక్కడే దించి ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. అంత బతిమాలే పని కూడా లేకపోయింది. మొగుడి పరువే కాదు, ఆ బండారి పెట్టించుకున్న వాళ్ల పరువు కూడా అందులోనే ఉంది కదా.

గిర్దావరు చావడిలో మంచం మీద కూర్చునే సరికి నలభైమంది పోగయ్యారు. కులపెద్ద కురుమయ్య ముందుకొచ్చి, బీరప్ప మీద ఒట్టేసి, మావోడు కుడిచేతోడేనన్నాడు. తర్వాతివాళ్లు ఆయనకు తీసిపోతారా? గుర్వయ్య ఎడమచేత్తో పని చేయగా ఈ కళ్లతో చూడలేదని ఒకడన్నాడు. ఆ చెయ్యి పుట్టిందగ్గర్నుంచీ ఊరికే వేలాడుతోందని ఇంకొకడన్నాడు. ఒక ముసలవ్వ జాలిపడి, "గా చెయ్యి ఉన్నదంటే ఉన్నది బిడ్డా, దేనికీ అక్కరకు రాలె" అంది.

పనికిరాని చెయ్యి పోతే నష్టమేమిటని గిర్దావరు యాభై కొట్టేసి ముప్పై రాశాడు. గుర్వయ్య నెత్తిన పిడుగు పడినట్టయింది. గుంపును తోసుకుని వచ్చి, తాను ఎడమచేతివాడినేనని, వీళ్లు చెప్పేదంతా అబద్ధమని మొత్తుకున్నాడు.

"జరమొచ్చి ఏందేందో అంటున్నడు సాబ్" అని లక్ష్మీనర్సమ్మ అడ్డం వచ్చింది.

గిర్దావరుకు విసుగొచ్చింది. కుడిచేత్తో ఒక గొర్రె బొచ్చు కత్తిరించి చూపమన్నాడు. చేతకాకపోతే నమ్ముతానన్నాడు. గుర్వయ్యకు పోయిన ప్రాణం లేచివచ్చింది. పని చెడగొట్టడం ఎంతసేపు?

కురుమయ్య తన గొర్రెనే కాళ్లు కట్టి తెచ్చి పడేశాడు. గుర్వయ్య దాన్ని మోకాళ్ల మధ్య అదిమిపట్టి కత్తెర అందుకున్నాడు. కత్తెర జారితే తోలు తెగుతుంది, తెగినచోట పురుగు పడుతుంది. ఇంతకూ ఆ గొర్రె చేసిన తప్పేమిటి? పైగా కులమంతా నిలబడి చూస్తోంది. మూడు నెలలుగా అన్ని పనులూ నేర్చుకుంటున్న కుడిచెయ్యి మెల్లగా కదిలింది. ఒక్క గాటు పడకుండా బొచ్చంతా దిగింది. ఊరు ఊరంతా ఒక్కసారి శభాష్ అంది. గుర్వయ్యకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. పొట్టేలు పోయింది, సగం మందా పోయింది.

గిర్దావరు కలం సిరాలో ముంచి, ముప్పై కింద సంతకం చేయబోయి ఆగాడు. గుంపును ఒకసారి, గొర్రెను ఒకసారి చూశాడు.

"నేను పిలిచింది ఇద్దర్ని. నలభైమంది ఎందుకొచ్చిన్రు? కుడిచేతోడు కుడిచేత్తోని కత్తిరిస్తే గింత సంబురమేంది?"

ఆయన ముప్పై కొట్టేసి అరవై రాశాడు. ముద్ర గుద్ది, గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

పొద్దు గూకకముందే కులం కూర్చుంది. ఎడమచేతివాడై ఉండి బండారి ముట్టినందుకు గుర్వయ్య ఒక పొట్టేలు దండుగ కట్టాలని తీర్మానించింది. తాను బండారి పెట్టింది కుడిచేత్తోనే కదా అని గుర్వయ్య లబలబలాడాడు.

"మీకందరికి ముందుగాల్నే ఎర్కగదా కాకా" అన్నాడు చివరికి.

"ఎర్కుండుడు వేరు గుర్వయ్యా. సర్కారు కాగితం మీదుండుడు వేరు" అన్నాడు కురుమయ్య, ఏమాత్రం కోపం లేకుండా.

పైసలు వచ్చాయి. ఇరవై గొర్రెలూ వచ్చాయి. పొట్టేలు కొన్ననాడే కూరైంది. విందులో గుర్వయ్య అందరి నడుమా కూర్చుని కుడిచేత్తో తిన్నాడు. అది చూసి, తాము చెప్పింది అబద్ధమేమీ కాదని నలభైమంది సాక్షులూ తృప్తిపడ్డారు.